ఏకబిగిన చూడదగ్గ ధారావాహికలు: ఒక పరిశీలన

టెలివిజన్ ధారావాహికలను గురించి విమర్శ పత్రికలో రాయడం కొందరు మిత్రులకు రుచించకపోవచ్చు. నవలను, కథను, కవిత్వాన్ని వదలి సీరియళ్ళ వెంట పడటమేమిటని వారు ప్రశ్నించవచ్చు. కాని ఒక వాస్తవాన్ని గుర్తించక తప్పదు. ఇవాళ తెలుగు ఇళ్ళలోకి కథ ఎక్కువగా ప్రవేశిస్తున్నది తెర ద్వారానే. ఒకనాడు వారపత్రిక కోసం గుమ్మంలో ఎదురుచూసిన పాఠకురాలి మనుమరాలు ఈనాడు ఎనిమిది భాగాల కథను ఒక్క రాత్రిలో ఫోనులో చూసి ముగిస్తున్నది. ఏది చూడాలో, ఏది చూడనక్కరలేదో ఆ అమ్మాయికి చెబుతున్నది ఎవరు? సినిమా పేజీల్లోని ప్రకటనలు, ఫోనులో కంపెనీ చేసే సిఫారసులు. సాహిత్య విమర్శకుడు ఆ చోటును ఖాళీగా వదిలేశాడు.

నా దగ్గరకు వచ్చే సాహిత్య విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు: "సెలవుల్లో ఏకబిగిన చూడదగ్గ సీరియళ్ళేమైనా చెప్పండి సార్" అని. ఏ నవలలు చదవాలని అడిగినట్టే అడుగుతారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. అయితే పేర్ల పట్టిక ఒకటి చేతికిచ్చి పంపితే అది కంపెనీ సిఫారసు కంటె మెరుగేమీ కాదు. ఎందుకు చూడాలి, ఎలా చూడాలి, చూసినదాన్ని ఏ కొలబద్దతో కొలవాలి అన్నవి కూడా చెప్పాలి. ఈ వ్యాసంలో ఆ ప్రయత్నం చేస్తాను.

ఆగకుండా చూసే అలవాటు

'ఏడు తరాలు' చదివిన తెలుగు పాఠకులకు కుంటా కింటేను పరిచయం చేయనక్కరలేదు. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన 'రూట్స్'ను సహవాసి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. చేత పట్టుకుంటే పూర్తయ్యేదాకా కింద పెట్టలేకపోయామని చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అదే గ్రంథాన్ని అమెరికాలో ఏబీసీ సంస్థ 1977 జనవరిలో ధారావాహికగా తీసి వరుసగా ఎనిమిది రాత్రులు ప్రసారం చేసింది. వారానికొక భాగం వేసే ఆచారానికి అది విరుద్ధం. ఆఫ్రికాలో పట్టుబడ్డ కుంటా, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు జార్జ్ - ఒక్కొక్క తరం బానిసత్వం ఒక్కొక్క రాత్రి ప్రేక్షకుని ముందు గడిచింది. మధ్య మధ్య వారం రోజుల ఎడం ఉండి ఉంటే తాతకు జరిగినదానికీ మనుమడు అనుభవించేదానికీ ఉన్న బంధం అంత గట్టిగా తెలిసేది కాదు.

ఇక రెండో ఉదాహరణ. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ సంస్థ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి 13 భాగాలనూ ఒకేసారి విడుదల చేసింది. ఒక భాగం ముగిసిందో లేదో, చూసేవాడు చెయ్యి కదపకుండానే తర్వాతి భాగం మొదలయ్యే యంత్రాంగం వచ్చింది. తమకు పోటీ మరో కంపెనీ కంటె మనుషుల నిద్రేనని ఆ సంస్థ అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో దాపరికం లేకుండా చెప్పాడు. కార్మికుని పగటిని కొనే పెట్టుబడి గురించి మనం చాలా చదువుకున్నాం. ఇది రాత్రిని కొనే పెట్టుబడి. 'రూట్స్' విషయంలో ఆగకుండా చూడటం కథకు మేలు చేసింది. ఇక్కడ ఆగకుండా చూడటమే సరుకు. అందులో ఏ కథ పోసినా అమ్మేవాడికి ఒకటే.

నేనుండే గౌలిపుర హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణపు వైపున, శాలిబండ, లాల్ దర్వాజల సమీపంలో ఉంది. తెలుగు మాట్లాడే శ్రమజీవులు, చిల్లర వ్యాపారులు ఎక్కువగా ఉండే పేట. నాలుగడుగులు వేస్తే ఉర్దూ మాట్లాడే పేటలు. గంటల తరబడి తెర ముందు కూర్చోవడం ఇక్కడివాళ్ళకు నెట్‌ఫ్లిక్స్ నేర్పలేదు. అంతకు చాలా ముందే కర్ఫ్యూ నేర్పింది. 1990 డిసెంబరు అల్లర్లలో పాతబస్తీ రోజుల తరబడి తలుపులు మూసుకుని కూర్చుంది. టీవీ ఉన్న ఇంటికి పెరటి దారిన పక్కిళ్ళవాళ్ళు చేరేవాళ్ళు. బయట ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలియదు. ఒకవైపు నుంచి పుకార్లు వస్తుంటాయి, మరోవైపు తెర మీద బొమ్మ ఆడుతుంటుంది. 2020 మార్చిలో దేశమంతా తలుపులు వేసుకుని, దూరదర్శన్ పాత 'రామాయణ్'ను మళ్ళీ ప్రసారం చేసినప్పుడు మా పేట పెద్దలకు ఆ స్థితి కొత్తగా తోచలేదు. తెర మీది కథ బయటి లోకాన్ని అర్థం చేయిస్తుందా, లేక మరిపిస్తుందా అన్నది ఇటువంటి చోట ఉండేవాళ్ళకు తీరిక వేళ కబురు కాదు.

మూడు ప్రశ్నలు

నేను ఏ ధారావాహికనైనా మూడు ప్రశ్నలు వేసి చూస్తాను. మొదటిది: ఇందులో కాలం కదులుతున్నదా? పాత్రలు పెద్దవవుతున్నాయా, నిన్న చేసిన పనికి ఇవాళ ఫలితం వస్తున్నదా? రెండవది: ఈ మనుషులకు పని ఉన్నదా? వాళ్ళు తినే అన్నం ఎక్కడనుంచి వస్తున్నదో తెలుస్తున్నదా? మూడవది: ముగింపు రచయిత చేతిలో ఉన్నదా, ప్రకటనల లెక్కలు చూసే గుమాస్తా చేతిలో ఉన్నదా?

ఏకబిగిన చూడటం ఈ ప్రశ్నలకు మంచి పరీక్ష. రోజుకు ఇరవై నిమిషాలు చూసినప్పుడు మరుగున పడే లోపాలు పది భాగాలు కలిపి చూస్తే బయటపడతాయి. అదే విధంగా, విడివిడిగా చూసినప్పుడు అర్థంకాని గొప్పదనం కూడా కలిపి చూస్తే తెలుస్తుంది.

మన రోజువారీ ధారావాహికలను ఈ పరీక్షకు పెడదాం. జెమిని టీవీలో 2003లో మొదలైన 'చక్రవాకం', 2008లో మొదలైన 'మొగలిరేకులు' ఒక్కొక్కటి వెయ్యి భాగాలు దాటాయి. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన 'కార్తీకదీపం' 1500 భాగాలు దాటింది. మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు' దానికి మూలం. నల్లగా పుట్టిన ఆడపిల్ల ఎదుర్కొనే అవమానం దాని వస్తువు. నిజంగా మంచి వస్తువు. నాయిక వంట చేసి బతుకుతుంది. పేట జనం ఆమెను 'వంటలక్క' అని సొంత మనిషిలా పిలుచుకున్నారు. మన రెండో ప్రశ్నకు ఆ పాత్ర గౌరవంగానే జవాబిస్తుంది. అయితే మొదటి ప్రశ్న దగ్గర కథ కూలిపోతుంది. పిల్లలకు తండ్రి ఎవరన్న అనుమానం మీద ఏళ్ళ తరబడి నడిచిన ఈ కథలో కథానాయకుడు డాక్టరు! ఒక్క రక్తపరీక్షతో తీరిపోయే సందేహాన్ని తీర్చనివ్వకపోవడమే కథకుని వృత్తి అయింది. రంగు వివక్ష మీద మొదలైన కథ చివరకు భార్య శీలపరీక్షగా మారింది. పైగా నల్లని నాయిక పాత్ర కోసం తెల్లని నటికి నల్లరంగు పూశారు. వస్తువు పట్ల నిర్మాతలకున్న నిబద్ధత ఎంతో దీనివల్లే తెలుస్తున్నది.

ఇంత చెప్పి, వాటిని చూసే స్త్రీలను ఎగతాళి చేయడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. విమర్శకులు చాలామంది ఈ పని సులువుగా చేస్తారు. మా పాతబస్తీలో ఇంట్లో కూర్చుని ఊదుబత్తీలు చుట్టేవాళ్ళు, జరీ పని చేసేవాళ్ళు ఉన్నారు. మా వాడకట్టులోని ఒక పెద్దామెను "రోజూ అదే సీరియల్ ఎట్ల చూస్తవమ్మా" అని అడిగితే ఆమె చెప్పిన మాట నాకు శిల్పం మీద రాసిన అనేక వ్యాసాలకంటె విలువైనదిగా కనిపించింది: "చూస్తలేను బిడ్డా, ఇంటున్న. కండ్లు పని మీదనే ఉంటయి." రోజువారీ ధారావాహిక చెవులతో చూసే కథ. అందుకే ప్రతి మాటా రెండుసార్లు చెబుతారు, ప్రతి ఆశ్చర్యానికీ మూడుసార్లు డప్పు కొడతారు. చేతులు ఖాళీ లేని మనిషికి అది తోడు. దాన్ని ఆ మేరకు గౌరవిద్దాం. కాని ఒక విద్యార్థి తన సెలవు రాత్రులను దానికి అప్పగించనక్కరలేదు. సాగదీయడం కోసం పుట్టిన కథను ఏకబిగిన చూస్తే మిగిలేది సాగదీతే.

'తమస్': మొత్తం చూడవలసిన అవసరం

నేను మొట్టమొదట సిఫారసు చేసేది 'తమస్'. భీష్మ సాహ్ని హిందీ నవల ఇది. 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ప్రగతిశీల రచయితల ఉద్యమంలో ఆయన ప్రముఖుడు. సొంత ఊరు రావల్పిండిలో 1947 నాటి మారణకాండను కళ్ళారా చూసినవాడు. 1970లో భివాండీ అల్లర్ల తర్వాత ఆ ఊరికి వెళ్ళి కాలిన ఇళ్ళ మధ్య తిరిగినప్పుడు పాత జ్ఞాపకాలు లేచి ఈ నవల రాయించాయి. గోవింద్ నిహలానీ దీన్ని చిత్రంగా తీయగా 1988 జనవరిలో దూరదర్శన్ ధారావాహికగా ప్రసారం చేసింది. మొత్తం కలిపి దాదాపు ఐదు గంటలు.

కథ ఆరంభం చాలామందికి తెలుసు. నత్థూ అనే చర్మకారుని చేత, పశువుల డాక్టరుకు కావాలని నమ్మించి, ఐదు రూపాయలిచ్చి ఒక పందిని చంపిస్తారు. మర్నాడు ఆ కళేబరం మసీదు మెట్ల మీద కనిపిస్తుంది. ఊరు అంటుకుంటుంది.

ఇప్పుడొక్క నిమిషం ఆగి ఆలోచించండి. కళేబరం మెట్ల మీద కనిపించిన దృశ్యం ఒక్కటే చూసినవాడు ఏమనుకుంటాడు? తన మతాన్ని బట్టి ఏదో ఒకటి అనుకుంటాడు. దాని ముందు దృశ్యం చూసినవాడికి మాత్రమే ఐదు రూపాయల నోటు సంగతి తెలుస్తుంది. పందిని చంపినవాడికి దేవుడితోనూ మసీదుతోనూ తగాదా లేదని, కడుపుతో ఉన్న భార్య మాత్రమే ఉందని తెలుస్తుంది. ఇంకా ముందుకు పోయి చూసినవాడికి జిల్లాను పాలించే ఇంగ్లీషు అధికారి సంగతి తెలుస్తుంది. ఊరి పెద్దలు వచ్చి ఏదైనా చేయమని బతిమాలినప్పుడు ఆ అధికారి తన చేతిలో ఏమీ లేదంటాడు. ఊళ్ళు కాలిన తర్వాత ఒక విమానం ఆకాశంలో చక్కర్లు కొడుతుంది, హత్యలు ఆగిపోతాయి. ఆపగల శక్తి మొదటినుంచీ ప్రభుత్వానికి ఉందన్నమాట. నవల చివర శాంతి బస్సు బయలుదేరినప్పుడు ముందు సీటులో కూర్చుని ఐక్యత నినాదాలిస్తున్నది, నత్థూ చేతిలో ఐదు రూపాయలు పెట్టిన మనిషే.

ఈ కార్యకారణ సంబంధం అంతా ఒక భాగంలో ఇమిడేది కాదు. అందుకే 'తమస్'ను విడగొట్టి చూస్తే ప్రమాదం, మొత్తం చూస్తే వివేకం. ఇది నా కల్పన అనుకోనక్కరలేదు. ప్రసారం మొదలు కాగానే దాన్ని ఆపివేయాలని వ్యాజ్యాలు పడ్డాయి. బొంబాయి హైకోర్టు ఒకసారి నిలుపుదల ఉత్తర్వు కూడా ఇచ్చింది. అప్పీలు విన్న ఇద్దరు న్యాయమూర్తులు చిత్రాన్ని మొత్తం చూసిన తర్వాత ఆ ఉత్తర్వును ఎత్తివేశారు. 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రసారాన్ని సమర్థించింది. మన దేశంలో ఒక ధారావాహికను న్యాయస్థానమే ఏకబిగిన చూసి, అందువల్లనే దానికి న్యాయం చేసిన సందర్భం అది. అదే నెలల్లో ఆదివారం ఉదయాలు అదే దూరదర్శన్‌లో 'రామాయణ్' నడుస్తున్నదని కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి. నిర్మానుష్యమైన వీధులను గురించి అందరూ రాశారు. 'తమస్' చూసి నిద్రపట్టని రాత్రులను గురించి రాసినవాళ్ళు తక్కువ.

విద్యార్థులు శ్రద్ధగా గమనించవలసిన ఘట్టం ఒకటి చెబుతాను. ఇల్లు వదలి పారిపోతున్న హర్నామ్ సింగ్, బంతో అనే వృద్ధ దంపతులు ఒక ముస్లిం ఇంటి తలుపు తడతారు. ఆ ఇంటి పెద్దామె రాజో వాళ్ళను లోపలికి రానిస్తుంది. ఇంతలో ఆమె మగవాళ్ళు దోచుకున్న పెట్టె మోసుకుని వస్తారు. అది హర్నామ్ సింగ్ పెట్టే. వాళ్ళు తాళం పగలగొట్టబోతుంటే, పగలగొట్టవద్దు, తాళంచెవి నా దగ్గరుందని నవలలో ఆ ముసలాయన అంటాడు. దోచుకున్నవాడూ దోపిడీకి గురైనవాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది. ఇక్కడ సాహ్ని ఒక్క నీతివాక్యం చెప్పడు. ఒకే ఇంట్లో దోపిడీ, శరణూ రెండూ ఉన్నాయని చూపిస్తాడు. చిత్రంలో హర్నామ్ సింగ్ పాత్రను సాహ్ని స్వయంగా ధరించాడు. రాజోగా సురేఖా సిక్రీ నటనకు జాతీయ పురస్కారం లభించింది.

లోపం లేదా? ఉంది. స్త్రీలు బావిలో దూకే ఘట్టాన్ని నిహలానీ ఒక మహోన్నత దృశ్యంగా తీర్చాడు. ఆ ఔన్నత్యం వెనుక, ప్రాణం కంటె మానం గొప్పదని స్త్రీలకు నూరిపోసిన పురుష సమాజపు బలవంతం ఎంత ఉందో ప్రశ్నించవలసినంతగా ప్రశ్నించలేదు. ఈ ప్రశ్నను చూసేవాళ్ళు తామే వేసుకోవాలి.

మా గౌలిపురలో 'తమస్'కు ఒక అదనపు సౌకర్యం ఉంది. తెలుగు ఇంటి భాష అయినా బజారులో దక్కనీ వింటూ పెరిగినవాళ్ళం కనుక ఆ హిందుస్తానీ సంభాషణలకు అనువాదం అక్కరలేదు. నెత్తురు చిందించిన భాష అని కొందరు చెప్పేదీ, శరణిచ్చిన భాష కూడా అదే అయినదీ మాకు నేరుగా వినిపిస్తుంది.

మూలమలుపు మనుషులు, గ్రంథమంత చరిత్ర

'తమస్' చూడబోయే ముందు 'నుక్కడ్' చూడండి. 1986-87లో సయీద్ మీర్జా, కుందన్ షా తీసిన 40 భాగాల ధారావాహిక. బొంబాయిలో ఒక వీధి మలుపు. అక్కడ కరెంటు పనిచేసే గురు, సైకిళ్ళు బాగుచేసే హరి, టీ హోటలు కాదర్ భాయ్, తాగుబోతు ఖోప్డీ, ఒక బిచ్చగాడు, ఒక పోలీసు జవాను, ఒక టీచరమ్మ. నా రెండో ప్రశ్నకు భారతీయ టెలివిజన్‌లో ఇంతకంటె మంచి జవాబు నాకు తెలియదు. ప్రతి మనిషికీ ఒక పని ఉంది. ఆ పని ఇంకొకరికి అవసరం. వాళ్ళ మతసామరస్యం ఉపన్యాసాల వల్ల పుట్టలేదు, అరువు టీ వల్ల, పంచరు సైకిలు వల్ల పుట్టింది. మా చౌరస్తాలో నిలబడినా కనిపించేది ఇదే. బలహీనత ఏమిటంటే, ప్రతి భాగం చివరా మంచి మనసు గెలుస్తుంది. అద్దె పెంచేవాడు, మామూలు వసూలు చేసేవాడు ఆ వారానికి సిగ్గుపడి తప్పుకుంటారు. వాళ్ళ వెనుకనున్న వ్యవస్థ మాత్రం కదలదు. అయినా ఒక మూలమలుపు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఎలా బతుకుతుందో తెలిస్తే, 'తమస్'లో పోయినదేమిటో తెలుస్తుంది. రోజుకు మూడు నాలుగు భాగాల చొప్పున హాయిగా చూడవచ్చు.

మూడవది 'భారత్ ఏక్ ఖోజ్'. 1988-89లో ప్రసారమైన 53 భాగాలు. దర్శకుడు శ్యామ్ బెనెగళ్ మన హైదరాబాదు బిడ్డ. 1934లో తిరుమలగిరిలో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, తొలి చిత్రం 'అంకుర్'ను తెలంగాణ పల్లె కథగా 1974లో తీశాడు. 2024 డిసెంబరులో మరణించాడు. అహ్మద్‌నగర్ కోట జైలులో నెహ్రూ రాసిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' ఈ ధారావాహికకు ఆధారం. దీన్ని ఏకబిగిన చూడవద్దని నా మనవి. రాత్రికి ఒక భాగం చూసి, మర్నాడు ఆ కాలాన్ని గురించి ఒక పుస్తకంలో పది పేజీలు చదివితే రెండు నెలల్లో ఒక చిన్న కోర్సు పూర్తవుతుంది. ఒక జాతీయ నాయకుని ఆలోచన దారం కావడం వల్ల చరిత్ర అంతా ఐక్యత వైపు నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కింది కులాల చరిత్ర, భూమి కోసం జరిగిన పోరాటాల చరిత్ర ఆ దారానికి ఎక్కినంతవరకే ఎక్కింది. అయినా చరిత్ర పేరుతో నగలూ కత్తులూ ప్రదర్శించే నేటి ధారావాహికల పక్కన పెడితే, వాదాన్నీ ఆధారాన్నీ నటుల నోట పలికించిన ఆ పద్ధతి ఎంత అరుదో తెలుస్తుంది.

తెలుగులో ఏముంది?

తెలుగులో ఏమీ లేదనే నిరాశావాదం నాకు లేదు. గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో వారం వారం 313 భాగాలు నడిచింది. హోటలు నడుపుకునే అమృతరావు, ఆంజనేయులు, ఇంటి యజమాని అప్పాజీ, పనివాడు సర్వం. ఇందులో కాలం కదలదు. నా మొదటి ప్రశ్నకు ఇది తప్పించుకుంటుంది. కాని ఆ కదలకపోవడంలోనే ఒక సత్యం ఉంది. హైదరాబాదులో భూముల ధరలూ సాఫ్ట్‌వేర్ జీతాలూ ఆకాశానికి ఎగబాకుతున్న ఆ సంవత్సరాల్లో ఈ ఇద్దరూ వారానికొక పథకం వేసి ధనవంతులం కావాలనుకుంటారు. వారం చివరకు అదే హోటలుకు, అదే నష్టానికి తిరిగివస్తారు. నగరం మీద రాసిన చాలా గంభీరమైన కథల్లో చిన్న వ్యాపారి బతుకు ఇంత స్పష్టంగా లేదు. ముగ్గురు నటులు మారినా అమృతం పాత్ర నిలబడిందంటే, పాత్రకు పునాది పరిస్థితిలో ఉందని అర్థం. హాస్యాన్ని ఒకేసారి పది భాగాలు మింగితే వికటిస్తుంది. రోజుకు రెండు చాలు.

ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన '90స్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్' ఆరు భాగాలూ ఒక్క రోజులో చూడవచ్చు. లెక్కల మాస్టారి కుటుంబం. నాన్న పొదుపు, పిల్లల కోరికలు, అమ్మ మధ్యవర్తిత్వం. మాట సహజంగా ఉంది, అతి తక్కువ. అయితే 1990ల మధ్యతరగతి అంటే ఆర్థిక సంస్కరణల కాలం; ఇంగ్లీషు చదువు ఎవరిని ఎక్కించిందో, ఎవరిని దించిందో నిర్ణయమైన కాలం. ధారావాహిక ఆ దశాబ్దాన్ని ఒక తీపి జ్ఞాపకంగా మార్చింది. లేమిని తలచుకుని నవ్వుకోగలిగేది లేమి నుంచి బయటపడ్డవాళ్ళు మాత్రమే. బయటపడనివాళ్ళ దశాబ్దం ఈ ఆరు భాగాల్లో లేదు.

రచయితలు మాత్రం తప్పకుండా చూడవలసిన పరాయి ధారావాహిక ఒకటుంది: అమెరికాలో 2002-2008 మధ్య వచ్చిన 'ది వైర్'. ఐదు సంపుటాలు, 60 భాగాలు. దీన్ని రూపొందించిన డేవిడ్ సైమన్ బాల్టిమోర్ నగరంలో పత్రికా విలేకరిగా పనిచేసినవాడు. అతనితో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ మొదట పోలీసు, తర్వాత బడిపంతులు. మొదటి సంపుటంలో మత్తుమందుల బజారు, పోలీసులు. తర్వాత ఓడరేవు, నగర రాజకీయం, బడి, చివరకు దినపత్రిక. ఒక్కొక్క సంపుటం ముగిసేసరికి ఒక నగరం ఎలా పనిచేస్తుందో, లేక ఎలా పనిచేయదో తెలుస్తుంది. ఇందులో దుర్మార్గుడంటూ ఒకడు దొరకడు. ప్రతివాడూ తన ఉద్యోగం చేస్తుంటాడు, అందరి ఉద్యోగాల ఫలితంగా ఒక పిల్లవాడు నాశనమవుతాడు. సామాజిక వాస్తవికతను గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. దాన్ని 60 గంటలపాటు సడలకుండా నిలబెట్టిన పనితనాన్ని ఇక్కడ నేర్చుకోవచ్చు. నెలకొక సంపుటం చొప్పున ఐదు నెలలు కేటాయించండి.

ఇవి చూసిన తర్వాత తెలుగు రచయితకు ఒక ప్రశ్న మిగలాలి. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు', 'మోదుగుపూలు' - తరాలూ ఊళ్ళూ మారుతూ నడిచే కథలు మన దగ్గర ఉన్నాయి. కాలం కదిలే కథ కావాలంటే ఇంతకంటె ఏం కావాలి? 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు బొమ్మ చూపించిన ప్రయోగంలో మన రాష్ట్రం ఒకటి. అప్పటినుంచి ఇప్పటిదాకా తెలుగు తెర మీద గడిచిన వేలాది గంటల్లో పాతబస్తీ ఎక్కడుంది? రౌడీ యాసగా ఉంది, బిర్యానీగా ఉంది, అల్లరి మూకగా ఉంది. ఊదుబత్తీలు చుట్టే స్త్రీగా, రెండు భాషల్లో బేరమాడే కూరగాయల బండిగా లేదు. ఇది నిర్మాతల నేరం మాత్రమే అనడం సులువు. అటువంటి కథను ఎనిమిది భాగాలుగా పకడ్బందీగా రాసి చూపిన రచయితలు మనలో ఎంతమంది?

చివరగా ఎలా చూడాలన్నదాన్ని గురించి. 'తమస్'ను ఒంటరిగా ఫోనులో చూడవద్దు. రెండు రాత్రులుగా, పదిమంది కలిసి, వీలైతే రెండు మతాలవాళ్ళూ కలిసి చూడండి. మొదటి రాత్రి సగంలో ఆపి, తర్వాత ఏం జరుగుతుందో కాకుండా ముందు ఏం జరిగిందో మాట్లాడుకోండి. ఇవాళ మా పేటలో పుకారు నోటి మాటగా రావడం తగ్గింది. అర నిమిషం బొమ్మగా ఫోనుకు వస్తున్నది. ముందూ వెనుకా కత్తిరించిన ఆ బొమ్మ, మసీదు మెట్ల మీది కళేబరం లాంటిది. దాన్ని చూసిన క్షణంలో "దీనికి ముందేమైంది? గా ఐదు రూపాయలు ఎవరిచ్చిన్రు?" అని అడిగే కుర్రవాడు ఒక్కడు మా చౌరస్తాలో తయారైతే, ఆ ఐదు గంటలూ వృథా కాలేదని నేననుకుంటాను.